రాత్రికి రాత్రి చేపలు ఎందుకు చచ్చిపోయాయి?
(ఉప్పునీటి అక్వేరియంలో కారణం వెతికే పద్ధతి)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు మేమిద్దరం చాలాసేపు ఆలోచించాం. కవితలు రాయడం మాకు రాదు. పెద్ద ఉద్యోగాలు చేసి సాధించిన విజయాలూ లేవు. మాకు తెలిసింది ఒక్కటే పని. విశాఖపట్నంలో ఇళ్ళకూ ఆఫీసులకూ తిరిగి అక్వేరియంలు శుభ్రం చేయడం, వాటిలోని చేపల బాగోగులు చూడడం మా వృత్తి. కాబట్టి ఆ పనిలో మాకు బుద్ధి వచ్చిన ఒక సంగతి చెప్పి, దానితోపాటు అందులోని శాస్త్ర విషయం కూడా వివరిద్దామనుకున్నాం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళకు సైన్సు పాఠంలా కూడా పనికొస్తుందని మా ఆశ.

ఆ రోజు జరిగింది

కొన్నేళ్ళ కిందట, మే నెలలో, ఉదయం ఆరు గంటలకు మాకు ఫోను వచ్చింది. "మీ కుర్రాడు నిన్న సాయంత్రం వచ్చి ఏదో కలిపి వెళ్ళాడు. తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి పడున్నాయి. వెంటనే రండి" అన్నారు ఆ ఇంటి ఆయన.

ఆయన చెప్పిన కుర్రాడు మన హాస్టల్ వాడే. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, సెలవుల్లో నాలుగు డబ్బులు వస్తాయని మా దగ్గర పనికి చేరాడు. పేరు రాయడం లేదు, తమ్ముడు అనే అంటాం. రోజూ సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి మేత వేసి, అద్దం తుడిచి రావడం వాడి పని.

ముగ్గురం వెళ్ళాం. అది 200 లీటర్ల ఉప్పునీటి తొట్టె. అందులో 7 చేపలుండేవి. ఒక ఏంజెల్, ఒక టాంగ్, జంట క్లౌన్ చేపలు, మూడు చిన్న డామ్సెల్ చేపలు. ఆరు చచ్చిపోయాయి. ఒక్క చిన్న డామ్సెల్ మాత్రం మూలన నీటిపైకి నోరు పెట్టి ఎగశ్వాస పీలుస్తోంది. ఇంట్లో అందరూ తమ్ముడి వంకే చూస్తున్నారు. వాడు తలొంచుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

తమ్ముళ్ళూ, అలా నిలబడడం ఎలా ఉంటుందో మీకు మేము చెప్పనక్కరలేదు. బడిలో ఎవరి పెన్ను పోయినా ముందు హాస్టల్ పిల్లల పెట్టెలే వెతికిన రోజులు మేమూ చూశాం. ఆ అనుమానం పోవాలంటే ఏడ్చి లాభం లేదు, కోప్పడీ లాభం లేదు. అసలేం జరిగిందో తేల్చాలి.

ముందు బతికున్నదాన్ని కాపాడాలి

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే మొదటి పొరపాటు, కారణం తెలియకుండానే ఏదో ఒక మందు పోయడం. రెండోది, కంగారులో నీరంతా ఒక్కసారిగా మార్చేయడం. ఈ రెండూ మిగిలిన చేపలను కూడా చంపుతాయి. చేయవలసినవి ఈ వరుసలో చేయాలి.

1. పైమూత తీసేయాలి. ఎయిర్ పంపు నడుస్తోందో లేదో చూడాలి. అది లేకపోతే మగ్గుతో నీరు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అదే తొట్టెలోకి పోస్తూ ఉండాలి. పై నీరు కదిలితేనే గాలి నీటిలో కలుస్తుంది.

2. ఏ నీరూ మార్చకముందే ఒక శుభ్రమైన సీసాలో తొట్టె నీరు పట్టి పక్కన పెట్టాలి. నీరు మార్చేస్తే సాక్ష్యం పోయినట్టే.

3. చనిపోయిన చేపలను తీసేయాలి. రాళ్ళ వెనక ఇంకేమైనా చచ్చి ఉందేమో వెతకాలి. కంటికి కనబడని ఒక్క కళేబరం నీటినంతా పాడుచేస్తుంది.

4. నీటి వేడి, ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి కాగితం మీద రాసుకోవాలి.

5. అప్పుడు, అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న కొత్త నీటితో పావు వంతు మార్చాలి. ఆ రోజంతా మేత వేయకూడదు.

మేమూ ఇలాగే చేశాం. అరగంటకల్లా ఆ చిన్న డామ్సెల్ కిందికి దిగి ఈదడం మొదలుపెట్టింది. తొట్టె నీటిలోనే ఏదైనా విషం కలిసి ఉంటే, కేవలం గాలి తగిలినంత మాత్రాన అది అంత త్వరగా తేరుకునేది కాదు. మాకు దొరికిన మొదటి ఆధారం అదే.

ఉప్పునీటి చేపకు కష్టం ఎక్కువ

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప శరీరంలోని ద్రవాల్లో ఉప్పదనం దాదాపు అందులో మూడో వంతే. అందుచేత ద్రవాభిసరణ వల్ల చేప ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. చుట్టూ నీరే అయినా దానికి దాహమే! ఆ లోటు తీర్చుకోవడానికి అది ఉప్పునీరు తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఈ పనికి శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి.

చిక్కేమిటంటే ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా కరిగితే, సముద్రపు నీటిలో 7 లోపే కరుగుతుంది. వేడి 30 డిగ్రీలకు చేరితే అది 6 దగ్గరికి పడిపోతుంది. విశాఖలో మే నెల రాత్రులు ఎలా ఉంటాయో తెలిసిందే కదా! నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం దాని అవసరం పెరుగుతుంది.

ఏ కారణానికి ఏ గుర్తు?

జ్వరం వచ్చినవాణ్ణి డాక్టరు గారు "ఎప్పటి నుంచి? చలి ఉందా? దగ్గు ఉందా?" అని అడిగినట్టే మనం తొట్టెను అడగాలి. మా అనుభవంలో అడగవలసినవి మూడు ప్రశ్నలు. ఎప్పుడు చచ్చాయి? ముందు ఏవి చచ్చాయి? బతికినవి ఏవి?

కొత్త తొట్టె అయితే: చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ బాక్టీరియా తగినంత పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా చేపలు నింపేస్తే అమ్మోనియా పేరుకుని అవి చస్తాయి. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే ఈ నీటిలో అమ్మోనియా విషరూపం పదిరెట్లకు పైగా ఎక్కువ. నైట్రైట్ విషయంలో మాత్రం ఉప్పునీటి చేపకు కొంత రక్ష ఉంది. నీటిలోని క్లోరైడు దాన్ని మొప్పల్లోకి పోకుండా చాలావరకు అడ్డుకుంటుంది.

నీరు మార్చిన కొన్ని గంటల్లోపే చస్తే: కుళాయి నీటిలోని క్లోరిన్‌ను అనుమానించాలి. మన హాస్టల్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు వేసిన రోజు స్నానం చేస్తుంటే ముక్కుకు ఘాటుగా తగిలేది గుర్తుందా? అదే క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే అలాంటి నీరు వాడాలి. ఫిల్టరు స్పాంజిని కూడా కుళాయి కింద కడగకూడదు, అందులోని మంచి బాక్టీరియా చస్తుంది. తొట్టెలోంచి తీసిన నీటితోనే కడగాలి.

రొయ్యలు, పీతలు ముందు చచ్చి చేపలు తర్వాత చస్తే: రాగి కలిసిన చేపల మందు వాడారేమో అడగాలి. చేప తట్టుకునేపాటి రాగి కూడా రొయ్యకు, పీతకు ప్రాణాంతకమే. రొయ్యలూ చేపలూ కలిసి ఒకేసారి చస్తే, గదిలో దోమల మందో బొద్దింకల మందో కొట్టారేమో అడగాలి. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి పంపుతుందని చాలామందికి తోచదు.

పీతలు, నత్తలు బాగానే ఉండి చేపలు మాత్రం ఒక్కొక్కటిగా రెండు మూడు రోజుల్లో చస్తే: అది రోగం. ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు గానీ, బంగారు రంగు పొడి చల్లినట్టు గానీ కనిపిస్తుంది. చేపలు రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటాయి. వీటిని కలగజేసే పరాన్నజీవులు చేపలను పట్టుకుంటాయి తప్ప పీతల జోలికి పోవు. కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచి చూశాకే కలపమనేది ఇందుకే.

నెమ్మదిగా నీరసించి చస్తే: ఉప్పదనం కొలవాలి. తొట్టెలో నీరు ఆవిరి అవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయాలి. ఇది తెలియక ఉప్పునీరు పోసేవాళ్ళు చాలామంది. ఈ చిన్న లెక్క చూడండి. 200 లీటర్ల తొట్టెలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 7 కిలోల లవణాలుంటాయి. వారానికి 10 లీటర్లు ఆవిరై, ప్రతిసారీ ఉప్పునీటితోనే నింపితే వారానికి 350 గ్రాములు అదనంగా చేరతాయి. నాలుగు వారాలకు 8 కిలోల 400 గ్రాములు, అంటే లీటరుకు 42 గ్రాములు! పైకి చూస్తే నీరు తేటగానే ఉంటుంది. హైడ్రోమీటరు వేస్తేనే తెలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర అది 1.025కు అటూ ఇటూగా ఉండాలి. వంటింటి ఉప్పు కలిపి సముద్రపు నీరు చేద్దామనుకోవడం కూడా తప్పే. అది దాదాపుగా సోడియం క్లోరైడు మాత్రమే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి.

రాత్రికి రాత్రి, పెద్ద చేపలు ముందుగా చస్తే: ఆక్సిజన్ అందలేదని మొదటి అనుమానం. పెద్ద ఒంటికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. చచ్చిన చేపల నోళ్ళు తెరుచుకుని, మొప్పల మూతలు విప్పుకుని ఉంటాయి. బతికినవి నీటి పైఅంచుకు చేరతాయి.

తమ్ముడు అడిగిన ప్రశ్న

ఇప్పుడు మళ్ళీ ఆ ఇంటికి వద్దాం. ఏంజెల్, టాంగ్ చేపల నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. సన్యాసి పీతలు రెండూ, నత్తలూ బతికే ఉన్నాయి, కానీ అన్నీ అద్దం పట్టుకుని నీటి పైఅంచుకు పాకి ఉన్నాయి. ఒంటి మీద మచ్చలు లేవు. ఉప్పదనం సరిగానే ఉంది. నీటి వేడి 31 డిగ్రీలు. అమ్మోనియా మాత్రం కొంచెం కనబడింది.

ఆ అమ్మోనియా చూడగానే ఇంటి ఆయన "చూశారా! మేత ఎక్కువ వేశాడు" అన్నారు. మేము కూడా ఒక్క నిమిషం అదే నిజమేమో అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆరు చేపలు చచ్చి గంటల తరబడి వేడి నీటిలో ఉంటే అమ్మోనియా రాక ఏమవుతుంది? అది చావుకు కారణం కావచ్చు, చావు వల్ల వచ్చిందీ కావచ్చు. తర్వాత కొలిచినదాన్ని ముందు జరిగినదానికి సాక్ష్యంగా చెప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. పైగా తొట్టె అడుగున మేత మిగిలిన జాడ ఎక్కడా లేదు.

ఆక్సిజన్ అందలేదన్న అనుమానం బలపడింది. కానీ ఎయిర్ పంపు చక్కగా నడుస్తోంది, ఫిల్టరూ నడుస్తోంది. మరి ఆక్సిజన్ ఎందుకు అందలేదు? మాకు తోచలేదు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడు మెల్లగా అడిగాడు. "అన్నా, రాత్రి కరెంటు పోయిందా?"

"పోలేదు. రాత్రంతా ఫ్యాన్లు తిరిగాయి" అన్నారు ఇంట్లోవాళ్ళు.

వాడు ఊరుకోలేదు. కిందికి వెళ్ళి వాచ్‌మన్‌ను అడిగి వచ్చాడు. రాత్రి పన్నెండు దాటాక కరెంటు పోయి, నాలుగున్నర దాటాక వచ్చిందట! ఇంట్లో ఇన్వర్టరు ఉంది. ఫ్యాన్లూ లైట్లూ దాని మీద నడిచాయి కాబట్టి పడుకున్నవాళ్ళకు తెలియలేదు. అక్వేరియం ప్లగ్గు మాత్రం ఇన్వర్టరు లైనులో లేదు. మెయిను ఆపి చూశాం. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఎయిర్ పంపు టక్కున ఆగింది. నాలుగు గంటలకు పైగా ఆ 200 లీటర్ల నీరు కదలకుండా, గాజు మూత కింద, 31 డిగ్రీల వేడిలో ఉండిపోయింది.

"నీకెలా తట్టిందిరా?" అని తమ్ముణ్ణి అడిగాం. వాళ్ళ నాన్న భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. "కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయన్నా. వెంటనే జనరేటరు వేయకపోతే తెల్లారేసరికి సరుకంతా పోద్ది. మా నాన్న రాత్రుళ్ళు నిద్రపోడు, నీళ్ళ చప్పుడే వింటూ ఉంటాడు" అన్నాడు. చెరువులో కూడా ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామునే. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే నాచు కూడా రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. తమ్ముడికి ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. చెరువుగట్టు మీద తండ్రి పక్కన పడుకున్న రాత్రులు నేర్పాయి.

తప్పు ఎవరిది?

తమ్ముళ్ళూ, ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. తప్పు మాది. తొట్టె బిగించిన రోజు ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉందో లేదో మేము చూడలేదు. 200 లీటర్లకు 7 చేపలు, అందులో ఏంజెల్, టాంగ్ లాంటి పెరిగే చేపలు ఎక్కువని తెలిసీ, అడిగారు కదా అని తెచ్చి వేశాం. దుమ్ము పడకుండా ఉంటుందని ఖాళీ లేకుండా గాజు మూత పెట్టిందీ మేమే. ఇంకొక మూడు చేపలు తక్కువ ఉన్నా, మూతకు నాలుగు వేళ్ళ సందు ఉన్నా అవి ఆ రాత్రి గడిపేవేమో.

ఆ సంగతి ఇంటి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాం. చచ్చిపోయిన చేపల ఖరీదులో సగం మేము పెట్టుకున్నాం. ఆ వారమే ప్లగ్గు ఇన్వర్టరు లైనుకు మార్పించాం. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొని తొట్టె పక్కనే పెట్టాం. మూత ఒకవైపు కత్తిరించాం. మళ్ళీ చేపలు వేసినప్పుడు నాలుగింటితో ఆపేశాం, అవీ చిన్నవే. ఆ తర్వాత అక్కడ ఒక్క చేప కూడా అలా పోలేదు.

ఇంటి ఆయన తమ్ముడికి క్షమాపణ చెప్పలేదు. కానీ ఆ నెలాఖరున కుటుంబమంతా తిరుపతి వెళ్తూ, చేపలకు మేత వేయమని ఇంటి తాళాలు వాడి చేతికే ఇచ్చి వెళ్ళారు. ఆ రోజు వాడి నడకే వేరు.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రలో చేపలనూ నీటి మొక్కలనూ కలిపి పెంచిన ప్రయోగం గురించి రాశాడు. మధ్యలో మొక్కల ఆకులు కుళ్ళి నీరు పాడైపోసాగింది. ఆయన దానికి విసిగి పాత్ర పారబోయలేదు. కుళ్ళును తినే నత్తలను వేసి చూశాడు, నీరు కుదుటపడింది. మూడేళ్ళకు, 1853లో, లండన్ జంతు ప్రదర్శనశాలలో జనం చూడడానికి చేపల భవనమే తెరిచారు. ఏం జరిగిందో చూసి, ఒక్కొక్క మార్పు చేసి, ఫలితం రాసుకోవడమే ఆయన పద్ధతి. మనకు కావలసిందీ అదే.

చివరగా ఒక మాట. చేపల విషయమే కాదు, ఏది పాడైనా "ఎవరు చేశారు?" అని ముందు అడిగితే ఇంట్లో అందరికంటే చిన్నవాడే దోషి అవుతాడు. "ఏం జరిగింది?" అని ముందు అడిగితే నిజం దొరుకుతుంది, అది ఒక్కోసారి అడిగినవాడి దగ్గరికే వచ్చి నిలబడుతుంది. అప్పుడు ఒప్పుకునే ధైర్యం ఉండాలి. రేపు మీ మీద అనుమానం వస్తే తలొంచుకుని నిలబడకండి, మన తమ్ముడిలా ఒక ప్రశ్న అడగండి. రేపు మీరే పెద్దవాళ్ళై పనివాళ్ళను పెట్టుకుంటే, వాళ్ళను కూడా ఆ ప్రశ్న అడగనివ్వండి.

తమ్ముడు తర్వాత డిగ్రీ పూర్తిచేశాడు. ఇప్పుడు భీమవరం వైపే ఆక్వా రైతులకు నీటి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తున్నాడు. ఈ వ్యాసం ముందుగా వాడికే చదివి వినిపించాం. "నా పేరు రాయకండన్నా, మా నాన్న సంగతి మాత్రం తీసేయకండి" అన్నాడు. అలాగే ఉంచాం.

విశాఖ వచ్చినప్పుడు తప్పక కలవండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో శెలవు.

— ఇద్దరు పూర్వ విద్యార్థులు